మెదడు మురుగు కాలువ: ఒక ఆశ, ఒక పరీక్ష
(గోస్పాడు గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిండించుకొన్న ఈ శుభసమయమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరినారు. ఇట్టి సభలలో పుస్తకముల గొప్పతనమును గూర్చి ప్రసంగించుట ఆచారము. ఆ పని నాకంటె బాగుగా చేయగలవారు ఈ వేదికపై పెక్కుమంది కలరు. నేను వృత్తిచేత వైద్యుడను. నాకు తెలిసినది రోగము, రోగి, ఆ రెంటి నడుమ నలిగిపోవు కుటుంబము. కావున నా త్రోవలోనే నేను పోయెదను.

మన సీమలోని కర్నూలునందు 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును తమ జీవితమును ధారవోసిరి. వారి కృషిని తలచుకొన్నపుడెల్ల నా మనస్సున ఒక ప్రశ్న మెదలుచుండును. చదువవలసినదానిని చదువకుండుటవలన మనుష్యునకు నిజముగా నష్టము కలుగునా? కలుగును. నేను చదువకపోవుటవలన ఒక కుటుంబమునకు అట్టి నష్టము కలిగినది. ఆ కథయే నేటి నా ప్రసంగము.

2011వ సంవత్సరమున ఈ ప్రాంతపు రైతు ఒకాయన నాయొద్దకు వచ్చినాడు. ఆయన కుమార్తె బడిపంతులమ్మగా పనిచేయుచుండెను. ఇరువదియారేండ్ల వయస్సు. మొదట ఒక కన్ను మసకబారి, కొన్ని వారములకు తనంతట తానే బాగుపడినది. ఏడాది గడచిన తరువాత నడుము క్రింద తిమ్మిరి యెక్కి కాళ్లు తడబడసాగినవి. పట్నములో పరీక్షలు చేయించిరి. అది మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధియని తేలినది. ఇంజక్షను మందు మొదలుపెట్టిరి. ఆ స్థితిలో తండ్రి యెవరో ఇచ్చిన అచ్చు కాగితములు నాలుగు చేతబట్టుకొని వచ్చి నా యెదుట కూర్చుండి యిట్లనెను: "సార్, మెదడులోనుంచి రక్తం దిగే నరం మెడకాడ మూసుకపోయిందంట. దాన్ని తెరిపిస్తే పిల్ల లేచి నడుస్తాదంట. కాలువ కింద రెండెకరాలుంది. ఒక ఎకరా అమ్మమంటారా?"

నేను ఆ కాగితములను పైపైన చూచితిని. విషయము క్రొత్తది. నాకు తెలియదని చెప్పుటకు నామోషీ. తెలిసికొని చెప్పెదనని గడువు అడుగుటకు ఓపిక లేదు. "పోయి చూపించుకొని రండి, చెడేదేముంది?" అంటిని. ఆ ఒక్కమాట మీద ఒక ఎకరము పొలము చేతులు మారినది.

దూరపు నగరములోని ఒక ఆసుపత్రిలో ఆ అమ్మాయి మెడసిరలోనికి సన్నని గొట్టము నెక్కించి, దాని కొననున్న బుడగను ఉబ్బించి సిరను వెడల్పు చేసిరి. రెండు నెలలు హాయిగా నున్నదని ఆమె చెప్పినది. జబ్బు పోయినదను ధైర్యముతో ఇంజక్షను మాన్పించిరి. అయిదవ నెలలో కాళ్లు మరల పట్టు తప్పినవి. ఈమారు పూర్తిగా తేరుకొనలేదు. మందు మానుటవలననే అట్లయినదని నేను ప్రమాణము చేసి చెప్పజాలను, ఏలయన ఈ వ్యాధి నడక అట్టిది. కాని మానుమని చెప్పగల ఆధారము ఆనాడెవ్వరియొద్దను లేకుండెననుట మాత్రము నిజము. ఈ కథను ఆమె అనుమతితోనే చెప్పుచున్నాను. పేరు చెప్పను.

ఇక విషయమునకు వచ్చెదను. మన మెదడునుండియు వెన్నుపామునుండియు బయలుదేరు నరములు కరెంటు తీగలవంటివి. తీగపై రబ్బరు తొడుగున్నట్లే నరపు పోగుపై మైలిన్ అను క్రొవ్వు తొడుగు కలదు. అది యుండుటచేతనే వార్త వేగముగా, చెదరక ప్రయాణము చేయును. మల్టిపుల్ స్క్లెరోసిస్ వ్యాధిలో, శరీరమును కాపాడవలసిన రక్షణ శక్తియే దారితప్పి ఆ తొడుగును కొరికివేయును. కొరికినచోట మచ్చ గట్టిపడును. అట్టి గట్టి మచ్చలు అనేకముగా నుండుటచేతనే వ్యాధికి ఆ పేరు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో 1868లో దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించెను. ఇరువది మొదలు నలువది యేండ్ల నడుమ, పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు అధికముగా వచ్చును. ఎండ వేడిమికి, జ్వరమునకు లక్షణములు తాత్కాలికముగా పెచ్చుపెరుగును. మన నంద్యాల వేసవి యెట్టిదో మీకు నేను చెప్పనక్కరలేదు. అట్టి రోగులకు చైత్రవైశాఖములు ఎంత కష్టకాలమో ఊహించుకొనవచ్చును.

ఈ వ్యాధికి మెడలోని సిరలకు సంబంధమేమి? దానిని చెప్పుటకు మీకు నాకంటె బాగుగా తెలిసిన ఉపమానమునే తీసికొనెదను. మన పొలములకు నీరు కె.సి. కాలువనుండి వచ్చును. పిల్ల కాలువలద్వారా మళ్లలో చేరును. మిగిలిన నీరు మురుగు కాలువద్వారా, వంకద్వారా కుందూనదిలో కలియును. వచ్చు త్రోవ ఎంత ముఖ్యమో, పోవు త్రోవయు అంత ముఖ్యము. మురుగు పోని నల్లరేగడి మడిలో నీరు నిలిచి, వేరు కుళ్లి, కాలక్రమమున నేల చవుడుబారును.

మెదడును అట్టిదే. దాని బరువు శరీరపు బరువులో నూటికి రెండు పాళ్లు మాత్రమే. కాని గుండె పంపు రక్తములో నూటికి సుమారు పదునైదు పాళ్లు, అనగా నిమిషమునకు ముప్పాతిక లీటరుకు దగ్గరగా, దానికే పోవును. ధమనులు పంట కాలువలు. సిరలు మురుగు కాలువలు. మెడకు ఇరుప్రక్కల నున్న జుగులర్ సిరలు పెద్దవి. వెన్నెముక వెంట చిన్నసిరలు వలవలె అల్లుకొని యున్నవి. పరుండినపుడు రక్తములో అధికభాగము జుగులర్ సిరలగుండ దిగును. నిలువబడినపుడు ఆ సిరలు వాటంతట అవియే ముడుచుకొని, వెన్నెముక వెంటనున్న వల ఆ భారమును మోయును. ఈ చివరిమాటను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు, ముందు పనికివచ్చును.

ఇటలీ దేశమున ఫెర్రారా విశ్వవిద్యాలయములో పావొలో జాంబోనీ అను సిరల వైద్యుడు కలడు. ఆయన భార్యకు ఈ వ్యాధి వచ్చినది. ప్రియమైన మనిషి కండ్లయెదుట కృశించుచుండగా చూచి యూరకుండలేక ఆయన పాత గ్రంథములను తిరుగవేసెను. వ్యాధి మచ్చలు చిన్న సిరలచుట్టు ఏర్పడునని రిండ్‌ఫ్లైష్ అను జర్మను పండితుడు 1863లోనే కనుగొనియుండెను. సిరలలో అడ్డంకియే కారణము కావచ్చునని అమెరికాలో పట్నం అను వైద్యుడు 1930 తరువాతి సంవత్సరములలో వాదించియుండెను. జాంబోనీ ఆ దారినే నడచెను. మురుగు పోక నిలిచిన రక్తమునుండి ఇనుము మెదడులో పేరుకొని మంట పుట్టించుచున్నదని ఆయన ఊహ. చవుడుబారిన మడిని చూచినవానికి ఈ ఊహ ఎంత సహజముగా తోచునో గమనింపుడు. నాకును అట్లే తోచినది. ఊహ అందముగా నుండుటయే దానిలోని ప్రమాదము.

సిరలను చూచుటకు ఆయన ఎన్నుకొన్న సాధనము అల్ట్రాసౌండ్. గర్భిణీస్త్రీలకు చేయు స్కానింగు మూలమున ఇది పల్లెలలోగూడ అందరికి తెలిసినదే. గర్భములోనిది ఆడపిల్లయని తెలిసికొని చంపుకొను ఘోరమును ఆపుటకు 1994లో చట్టము చేయవలసి వచ్చినంతగా ఆ యంత్రము మనలో వ్యాపించినది. దాని మూలసూత్రము సులభము. మన చెవికి వినబడు హద్దు క్షణమునకు ఇరువదివేల కంపనములు. ఈ యంత్రము ఇరువది లక్షలు మొదలు ఒకటిన్నర కోటి కంపనముల ధ్వనిని శరీరములోనికి పంపును. మాంసములో అది క్షణమునకు సుమారు 1,540 మీటర్ల వేగమున పోయి, ప్రతి పొరనుండియు ప్రతిధ్వనించి తిరిగివచ్చును. బావిలోనికి కేక వేసి, మారుమ్రోత వచ్చు వ్యవధిని బట్టి లోతును అంచనా కట్టినట్లు, యంత్రము ఆ ప్రతిధ్వనులతో బొమ్మ గీయును.

నిలకడగా నున్నదానికి బొమ్మ చాలును. పారు రక్తమునకు మరియొక ఉపాయము కావలెను. నంద్యాల స్టేషనులో నిలుచున్నపుడు, ఆగకుండ పోవు రైలు మనవైపు వచ్చుచు వేయు కూత సన్నగాను, మనలను దాటిపోవుచు వేయు కూత బొంగురుగాను వినబడును. 1842లో డాప్లర్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఈ ధర్మమును నక్షత్రముల కాంతిని గూర్చి చెప్పెను. 1845లో హాలెండులో రైలుబండిపై బాకా వాయించువారిని నిలిపి దీనిని పరీక్షించిరి. జపానులో సతోమురా అను ఆయన 1950 తరువాతి సంవత్సరములలో రక్తప్రవాహమునకు దీనిని అన్వయించెను. రక్తకణములనుండి తిరిగివచ్చు ధ్వని సన్నబడెనా, అవి యంత్రమువైపు వచ్చుచున్నవి. బొంగురుపోయెనా, దూరముగా పోవుచున్నవి. ఈ విధముగా చర్మముపై చిన్న పరికరము నానించి, కత్తి ముట్టకుండ, రక్తము ఎటు పోవుచున్నదో, ఎంత వేగముగా పోవుచున్నదో తెలిసికొనవచ్చును.

జాంబోనీ ఈ సాధనముతో అయిదు గుర్తులను ఏర్పరచెను. మెడసిరలలో రక్తము వెనుకకు మరలుట, మెదడు లోపలి సిరలలో వెనుకకు మరలుట, సిర సన్నబడుట, రక్తప్రవాహము అసలు కనబడకపోవుట, పరుండినపుడు నిలువబడినపుడు సిరలలో కలుగవలసిన మార్పు తారుమారగుట. వీనిలో రెండు కనబడినచో మురుగు త్రోవ చెడినదని లెక్క. 65 మంది రోగులను, రోగులు కాని 235 మందిని చూచి ఆయన 2009లో ఫలితము ప్రకటించెను. రోగులలో అందరికిని దోషమున్నది, తక్కినవారిలో ఒక్కనికిని లేదు. సభాసదులారా! వైద్యశాస్త్రములో నూటికి నూరు, సున్నకు సున్న అను ఫలితము అమావాస్యనాటి వెన్నెలవంటిది. అట్టిది కనబడినపుడు మొదట సంతోషింపవలసినది కాదు, మరల ఎంచి చూడవలసినది.

కాని లోకము ఎంచి చూచుటకు ఆగలేదు. అదే సంవత్సరము సిరలను బుడగతో వెడల్పు చేసిన చికిత్స ఫలితములను గూడ ఆయన ప్రకటించెను. దానికి "విముక్తి చికిత్స" యని పేరు పడినది. కెనడా మొదలగు దేశములలో వేలమంది రోగులు తమ ప్రభుత్వములను నిలదీసిరి. తమ దేశములో చేయకున్నచో పోలండుకు, కోస్టారికాకు, మెక్సికోకు, మన భారతదేశమునకును ప్రయాణము కట్టిరి. ఇండ్లు తాకట్టు పెట్టినవారున్నారు. కొందరు ప్రాణములు కోల్పోయిరి. సిరలో గడ్డ కట్టుట, సిరలో నిలిపిన లోహపు గొట్టము కదలి గుండె దెసకు పోవుట మొదలగు ప్రమాదములు సంభవించుటచే 2012 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ బహిరంగముగా హెచ్చరిక చేసెను.

ఇంతలో ఇతర పండితులు పరీక్షకు పూనుకొనిరి. జర్మనీలోని బెర్లిను నగరమున 56 మంది రోగులను, 20 మంది ఆరోగ్యవంతులను అదే యంత్రముతో పరీక్షించిరి. రెండు గుర్తులు కనబడినవారు ఒక్కరును లేరు. ఇది 2010లో అచ్చయినది. అమెరికాలోని బఫెలో నగరమున 499 మందిని చూచిరి. రోగులలో నూటికి 56 మందికి దోషము కనబడినది. కాని ఆరోగ్యవంతులలో నూటికి 23 మందికిని, వేరు నరాలజబ్బులు గలవారిలో నూటికి 42 మందికిని కనబడినది. ఇది 2011 నాటిది. ఇటలీలోనే 35 కేంద్రములలో 1,700 మందికి పైగా పరీక్షించి, ఎవరు రోగియో ఎవరు కారో తెలియని నిపుణులచేత బొమ్మలను చదివించిరి. రోగులలో నూటికి మూడుపైచిలుకు, ఆరోగ్యవంతులలో నూటికి రెండుపైచిలుకు మాత్రమే తేలినది. కెనడాలో 2013లో రోగులను, వారి తోబుట్టువులను, సంబంధము లేని ఇతరులను మూడు వర్గములుగా చేసి, సిరలోనికి గొట్టమునెక్కించి రంగుమందుతో చూచిరి. సిర సగముకంటె సన్నబడినవారు రోగులలో నూటికి 74, తోబుట్టువులలో 66, ఇతరులలో 70.

ఈ అంకెలను మన పొలములోనికి తెచ్చి చూతము. పైరు ఎండిన మళ్ల మురుగు కాలువను చూచితిమి, అది ఇరుకుగా నున్నది. ఆహా, కారణము దొరకినదంటిమి. కాని గనిమ దాటి ప్రక్కనున్న పచ్చని మళ్లకు పోయి చూడగా, అచ్చటి కాలువయు అంతే ఇరుకుగా నున్నది. అప్పుడేమనవలెను? కాలువ ఇరుకుదనము ఈ నేలకు సహజమే, ఎండుటకు కారణము వేరొకటి యనవలెను. ఎండిన మడిని మాత్రమే చూచినవానికి ఈ నిజము ఎన్నటికి తెలియదు. పచ్చని మడిని గూడ చూచుటయే శాస్త్రము.

ఒకే యంత్రము ఒకచోట నూటికి నూరు, మరొకచోట సున్న చూపుటకు కారణమేమి? యంత్రము అబద్ధమాడలేదు. దానిని పట్టుకొన్న చేయి, దానిని చూచు కన్ను, వాని వెనుకనున్న మనస్సు, ఈ మూడును మార్పునకు లోనైనవి. మెడసిర మెత్తనిది. పరికరమును కొంచెము గట్టిగా నొక్కినచో అది అణగి సన్నగా కనబడును. తల ప్రక్కకు తిప్పినను మారును. రోగి నీరు తక్కువ త్రాగియున్నచో సిర కుంచించుకొనును. నిలువబడినపుడు ఆరోగ్యవంతునకును ఆ సిర ముడుచుకొనునని ముందే మనవి చేసితిని. వీనికి తోడు, ఎదుటనున్నది రోగియని ముందే తెలిసిన పరీక్షకుడు తాను వెదకుచున్నదానిని కనుగొనుట సహజము. అది మోసము కాదు, మానవ స్వభావము. తన బిడ్డ మాట తల్లికి ముద్దుగా వినబడినట్లు, తన ఊహ మనుష్యునకు నిజముగా కనబడును.

ఇట్టి పొరపాటు ఇదివరకును జరిగినది. ఆస్ట్రియా దేశపు డుస్సిక్ అను వైద్యుడు 1942లో అతిధ్వనులను తలగుండ పంపి మెదడులోని నీటి అరలను చూచుచున్నానని ప్రకటించెను. వైద్యమున ధ్వనితో బొమ్మ గీయుటకు అది తొలి ప్రయత్నములలో నొకటి. పదేండ్లు గడచిన పిమ్మట తెలిసినదేమన, ఆ బొమ్మలలో కనబడినది మెదడు కాదు, పుర్రె యెముక ధ్వనిని మ్రింగుటవలన ఏర్పడిన నీడలు. ఖాళీ పుర్రెతోను అట్టి బొమ్మలే వచ్చినవి. ఐనను డుస్సిక్ త్రోవ వ్యర్థము కాలేదు. ఆయన వెనుక వచ్చినవారు ఎముక పలుచగా నున్న కణతచోటును ఎన్నుకొని, 1982 నాటికి మెదడు ధమనులలోని రక్తవేగమును కొలువగలిగిరి. తప్పును ఒప్పుకొని సరిదిద్దుకొన్న త్రోవ గమ్యమునకు చేరును.

ఇక చికిత్స సంగతి. సిర సన్నబడుట కారణమైనను కాకున్నను, వెడల్పు చేయుటవలన మేలు కలిగినదని చెప్పినవారు చాలమంది యున్నారు గదా, ఆ మాట యేమగును? ఈ వ్యాధి ఎగుడుదిగుడుగా నడచును. కీడెక్కిన తరువాత తనంతట తానే కొంత తేరుకొనుట దానికి స్వభావము. ఎకరము అమ్మి, దేశము దాటి, కోటి ఆశలతో చికిత్స పొందిన మనిషి కొన్నాళ్లు బాగున్నట్లు భావించుటయు సహజమే. ఈ రెంటిని చికిత్స ఫలమునుండి వేరుచేయుటకు ఒక్కటే మార్గము. రోగులను చీట్లు తీసి రెండు జట్లుగా చేయవలెను. ఒక జట్టుకు నిజమైన చికిత్స, రెండవ జట్టుకు గొట్టమునెక్కించి బుడగ ఉబ్బింపని ఉత్తుత్తి చికిత్స చేయవలెను. ఎవరికేది జరిగినదో రోగికిగాని, తరువాత పరీక్షించు వైద్యునకుగాని తెలియరాదు.

ఇట్టి పరీక్షను ఇటలీలో నడపినది ఎవరో కాదు, జాంబోనీయే. 115 మంది రోగులు, ఒక సంవత్సరము. ఫలితము 2017 నవంబరులో వెలువడినది. చికిత్స పొందినవారిలో నూటికి 42 మందికి మేలు కనబడినది. ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో నూటికి 49 మందికి కనబడినది! మెదడులో క్రొత్త మచ్చలు పుట్టుటలో గణింపదగిన తేడా లేదు. ఈ చికిత్సను ఈ వ్యాధికి సిఫారసు చేయరాదని ఆయన తన పేరుతోనే ప్రకటించెను. కెనడాలో 104 మందితో చేసిన పరీక్షయు అదే సంవత్సరము అదే మాట చెప్పినది. భార్య వ్యాధిని కుదుర్పవలెనని బయలుదేరిన మనుష్యుడు, తన జీవితకాలపు ఊహను తన చేతులతోనే త్రాసులో పెట్టి, తూగలేదని లోకమునకు చెప్పుట సామాన్యమైన గుండెబలము కాదు. ఆయన ఊహ ఓడినది. ఆయన నిజాయితీ గెలిచినది. నేను ఆయనను ఎగతాళి చేయుటకు ఇచ్చటికి రాలేదు, నమస్కరించుటకే వచ్చితిని.

మెదడు మురుగు త్రోవ నిజముగా పూడుకొనిపోవు వ్యాధి మరియొకటి కలదు. దానిని చెప్పకున్నచో ఈ తల్లులయెడ నేను తప్పు చేసినవాడనగుదును. ప్రసవించిన కొన్ని దినములలో, వారములలో, మెదడు సిరలలో రక్తము గడ్డకట్టి త్రోవ మూసికొనిపోవుట మన దేశమున ఎన్నో యేండ్లుగా వైద్యులు చూచుచున్న వ్యాధి. బాలింతకు నీరు ఇయ్యరాదను ఆచారమువలన రక్తము చిక్కబడుట దీనికి ఒక కారణము. భరింపరాని తలనొప్పి, వాంతులు, చూపు మందగించుట, మూర్ఛలు, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట దీని గుర్తులు. గాలి సోకినదని, దయ్యము పట్టినదని గడియలు పోగొట్టరాదు. వెంటనే పెద్దాసుపత్రికి చేర్చి స్కాను తీయించి, రక్తము గడ్డకట్టకుండ చేయు మందు మొదలుపెట్టినచో పెక్కుమంది పూర్తిగా కోలుకొందురు. బాలింతకు దాహమైనంత నీరు ఇండు. ఈ సభనుండి మీరు ఇంటికి తీసికొనిపోవలసిన మాట ఇది ఒక్కటియైనను నాకు చాలును. పైగా దీనివలన మరియొకటి తెలియుచున్నది. మురుగు త్రోవ నిజముగా పూడినపుడు వచ్చు రోగము ఇట్టిది, మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటిది కాదు. నోటిపుండు మెడకు ప్రాకిన క్యాన్సరు రోగులకు ఒక ప్రక్క జుగులర్ సిరను కోసి తీసివేయు శస్త్రచికిత్స చిరకాలముగా ఉన్నది. వారికి ఈ వ్యాధి వచ్చుట లేదు. ఈ రెండు సంగతులు 2011లో నాకు తెలియనివి కావు. తెలిసియు వానిని ఆ రైతు ప్రశ్నతో ముడివేసి ఆలోచింపలేదు.

మరి ఈ వ్యాధికి నేడు గతియేమి? గతి కలదు. మంటను అణచి, తిరుగబెట్టుటను తగ్గించు మందులు 1993 మొదలు ఒక్కొక్కటిగా వచ్చినవి. నేడు పలురకములున్నవి. తొందరగా కనిపెట్టి మొదలుపెట్టినకొలది ఫలమధికము. కారణమును గూర్చిన జ్ఞానమును పెరిగినది. 2022లో అమెరికా సైనికులు కోటిమందికి పైగా రక్తపు నమూనాల ఆధారముగా చేసిన పరిశోధనలో, ఎప్‌స్టీన్-బార్ అను సామాన్యమైన వైరస్ సోకిన తరువాత ఈ వ్యాధి వచ్చు అవకాశము ముప్పదిరెండు రెట్లు పెరుగునని తేలినది. ఆ వైరస్ సోకినవారందరికి ఈ వ్యాధి రాదు, కాని త్రోవ చూపినది. రిండ్‌ఫ్లైష్ చూచిన ఆ నడిమి సిర నేడు ఎం.ఆర్.ఐ. బొమ్మలో కనబడి రోగనిర్ణయమునకే తోడ్పడుచున్నది. చూచినది నిజమే, దానికి చెప్పిన అర్థము తప్పు. మన దేశమున ఈ రోగుల సంఘము 1985లో ఏర్పడినది. దానికి హైదరాబాదులోను శాఖ కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో గుర్తించిన ఇరువదియొక్క వైకల్యములలో ఈ వ్యాధియు చేరినది. కావున తగిన వైకల్యమున్నవారు ధ్రువపత్రము పొందవచ్చును.

సభాసదులారా! క్రొత్త చికిత్స వార్త విన్నపుడు మూడు ప్రశ్నలు అడుగుడు. ఒకటి: పచ్చని మడిని గూడ చూచిరా? అనగా ఆరోగ్యవంతులతో పోల్చిరా? రెండు: చూచినవానికి ఎవరు రోగియో ముందే తెలియునా? మూడు: మొదట చెప్పినవారుగాక మరియెవరైన చేసి చూచిరా? ఈ మూడింటికి జవాబు దొరకువరకు పొలము అమ్మకుడు, వాడుచున్న మందు మానకుడు. వైద్యుడు జవాబు చెప్పలేకపోయినచో "తెలిసికొని చెప్పండి, వచ్చే వారం వస్తాము" అనుడు. అట్లడుగుట అమర్యాద కాదు.

ఆ అమ్మాయి నేడు చేతికర్ర ఊతముతో నడచుచున్నది. మరల మందు వాడుచున్నది. ఇంటివద్ద పిల్లలకు చదువు చెప్పుచున్నది. నేను ఈ ప్రసంగము వ్రాసికొని, మొదట ఆమెకే చదివి వినిపించితిని. ఆమె అంతయు విని ఒకే మాట అడిగినది: "సార్, మేము మీ దగ్గరికి వచ్చినప్పటికి ఈ పరీక్షలలో ఏవైనా అచ్చయి ఉండెనా?"

బెర్లిను వారిది అచ్చయి యుండెను. బఫెలో వారిదియు అచ్చయి యుండెను. అవి ఉన్నవి, నేను చదువలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "అయితే మీరు ఆ సభలో ఇదే చెప్పండి" అనెను. చెప్పితిని.

చదువవలసినది చదువువారి చేతికి అందునట్లు చేయుటయే గ్రంథాలయము పని. మన యూరిలో ఆ పనిని ఇరువదియైదేండ్లుగా చేయుచున్నవారికందరికి నా నమస్కారములు. ఈ బీరువాలలో కథలు, పురాణములు, నవలలు నిండుగా నుండవలసినదే. వానిప్రక్క ఒక అర ఆరోగ్య విషయములకు, శాస్త్ర విషయములకు కేటాయింపవలెనని కార్యవర్గమువారికి నా ప్రార్థన. ఆ అరకు మొదటి పుస్తకములను నేను సమర్పించుకొందును. ప్రతినెల మొదటి ఆదివారము ఒక గంట వచ్చి కూర్చుండి, ఎవరేమి కాగితము తెచ్చినను వారితోగూడ చదివెదను. తెలియనిదానిని తెలియదని చెప్పెదను. తెలిసికొని వచ్చెదను.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక. సెలవు.